ఇంగ్లిష్ ‘దాన్’ (than) తర్వాత ‘మీ’ (me) తప్పా? వాట్సాప్ చిట్కాకు జవాబు

వైజాగ్ ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల ఫోన్లలో ఒక ఇంగ్లిష్ గ్రామర్ చిట్కా తిరుగుతోంది. అందులో మూడు మాటలున్నాయి. ‘దాన్’ తర్వాత ఐ, హీ, షీ మాత్రమే రావాలి, మీ, హిమ్, హర్ తప్పు. ‘దాన్’ తర్వాత ఎంత కత్తిరించినా అర్థం మారదు. పోలిక ఉన్నచోటల్లా ‘దాన్’ పెట్టాలి. మూడూ తప్పే. రెండోది నమ్మితే మార్కులు పోతాయి.

మొదటి మాట. ‘షీ ఈజ్ టాలర్ దాన్ ఐ’ అన్నప్పుడు చివర ‘యామ్’ రాలిపోయింది. ‘టాలర్ దాన్ మీ’లో ‘దాన్’ ప్రిపొజిషన్ (‘టు’, ‘ఆఫ్’ లాంటి మాట), అందుకే దాని తర్వాత ‘మీ’ వచ్చింది. ఇంగ్లిష్ వాళ్లు రోజూ మాట్లాడేది ఇలాగే. ‘మీ’ తప్పనే వాళ్లు పాత వ్యాకరణాలను సాక్ష్యం తెస్తారు. కానీ ఇంగ్లండ్ వ్యాకరణవేత్త రాబర్ట్ లౌత్ 1762 నాటి తన వ్యాకరణంలో చెప్పింది వేరు: ‘దాన్’ తర్వాతి మాట రూపాన్ని నిర్ణయించేది ‘దాన్’ కాదు, పైకి కనిపించినా కనిపించకపోయినా అక్కడుండే క్రియ లేదా ప్రిపొజిషన్. ఆ లెక్కన కొన్నిచోట్ల ‘మీ’యే రావాలి.

‘రవి ట్రస్ట్స్ సురేష్ మోర్ దాన్ ఐ’ అంటే సురేష్ మీద నాకున్న నమ్మకం కంటే రవికున్న నమ్మకం ఎక్కువ. ‘దాన్ మీ’ అంటే మామూలుగా, రవికి నా మీద కంటే సురేష్ మీద నమ్మకం ఎక్కువ. తెలుగులో ‘రవి నాకంటే సురేష్‌ను ఎక్కువ నమ్ముతాడు’ అన్న ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది, అందుకే మనవాళ్లకు తేడా చెవికి తగలదు. అనుమానం వస్తే రాలిపోయిన క్రియను తిరిగి పెట్టండి: ‘దాన్ ఐ డూ’, లేదా ‘దాన్ హీ ట్రస్ట్స్ మీ’. పరీక్షలో ‘టాలర్ దాన్ ఐ యామ్’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

రెండో మాటే అసలు ప్రమాదం. ‘ది క్లైమేట్ ఆఫ్ అరకు ఈజ్ కూలర్ దాన్ వైజాగ్’ చూడండి. వాతావరణాన్ని ఊరితో పోల్చారు! ‘దాన్ దట్ ఆఫ్ వైజాగ్’ అనాలి, బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’. తెలుగులో ‘వైజాగ్ కంటే అరకు వాతావరణం చల్లన’ అంటే సరిపోతుంది, ఆ అలవాటే ఇక్కడ దెబ్బతీస్తుంది. ‘వైజాగ్ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్’ కూడా చెల్లదు. వైజాగ్ కూడా ఆంధ్రాలోదే కదా, తనకంటే తానే పెద్దదవుతుందా? ‘ఎనీ అదర్ సిటీ’ అనాలి. అదే ఒడిశా నగరాలతో పోలిస్తే ‘అదర్’ అక్కర్లేదు. ‘యాజ్ గుడ్ ఆర్ బెటర్ దాన్’లో రెండో ‘యాజ్’ మాయమైంది, ‘యాజ్ గుడ్ యాజ్ ఆర్ బెటర్ దాన్’ రాయాలి. ‘కూలర్ దాన్ యూజువల్’, ‘లేటర్ దాన్ ఎక్స్‌పెక్టెడ్’ లాంటి కత్తిరింపులకు మాత్రం ఢోకా లేదు.

మూడోదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్‌ల తర్వాత ‘టు’ వస్తుంది. ‘ప్రిఫర్’తోనూ అంతే: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’. మొదటి చిట్కా బట్టీపట్టి ‘సీనియర్ టు ఐ’ అని రాయకండి. అక్కడ రాలిపోయిన క్రియ ఏదీ లేదు, ‘టు’ తర్వాత ‘మీ’యే.