కొంగకి కూడా ఓ ఆగమశాస్త్రం కావాలి

తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ చేస్తారు, పోయినసారి 2018 ఆగస్టులో జరిగింది, ఎనిమిది ద్రవ్యాలు దంచి కలిపి పీఠం దగ్గర సందు లేకుండా పూడుస్తారు, ఏది ఎప్పుడు ఎట్ల చెయ్యాలో అంతా ఆగమంలో ఉంది. అదే కొండ కింద మన కాలనీల్లో గేటు పక్కన నిలబడుండే సిమెంటు కొంగకి ముక్కు ఊడిందంటే మాత్రం ఏ శాస్త్రమూ లేదు, ఓనరు చేతికి ఏది దొరికితే అదే అష్టబంధనం. ఒకాయన ఎంసీల్ పెడతాడు, ఒకాయన వైట్ సిమెంట్, ఇంకొకాయన పిల్లోడి స్కూల్ ప్రాజెక్టులో మిగిలిన గమ్ము.

నవ్వేదానికి కాదు, సీరియస్ గానే చెప్తున్నా. టీటీడీ వాళ్ల శిల్పకళాశాల మన తిరుపతిలోనే ఉంది, సుధై శిల్పం అని, అంటే సున్నం, సిమెంటుతో బొమ్మలు చేసే పని, దానికో కోర్సే ఉంది, ఇంత విద్య పక్కన పెట్టుకోని బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరు రోడ్డు దాకా మూతి ఊడిన సింహాల కింద కాపురాలు చేస్తున్నాం.

మనోళ్లకి తెలిసిన వైద్యం ఒకటే, పెయింటు. పండక్కి ఒక కోటు, పగులు కనిపిస్తే ఇంకో కోటు, పెళ్లిచూపులకి వస్తున్నారంటే రెండు. కొన్ని కొంగల్లో ఇప్పుడు సిమెంటు కన్నా ఎనామిలే ఎక్కువుంది. లోపల కమ్మీ సంగతి ఎవురికీ పట్టదు. పగుల్లోంచి నీళ్లు దిగి అది తుప్పు పడతాది, తుప్పు పట్టిందంటే ముందుకన్నా రెండింతలకి పైనే చోటు కావాలంటాది, భాగం తేలని అన్నదమ్ముడి మాదిరి లోపల్నించి నెడతానే ఉంటాది, చివరికి కాలు పెచ్చులూడి కొంగ ఒక్క కమ్మీ మీద నిలబడి తపస్సు చేస్తాది.

మేస్త్రీని పిలవచ్చు కదా అంటారు. పిలవండి. ఆయన కొమ్ములిరిగిన జింకని చూసి, మనల్ని చూసి, "స్లాబ్ పనుంటే చెప్పన్నా" అని బండి స్టార్ట్ చేస్తాడు. పక్కింటి పిన్నమ్మ ఏమో భిన్నమైన బొమ్మ ఇంటి ముందర ఉండకూడదు నాయనా అంటాది, దాంతో జింకకి బోరు మోటారు వెనక అజ్ఞాతవాసం.

కాబట్టి ఇంట్లోనే చేసుకోవాలి, శాస్త్రం నేనే రాస్తున్నా. ముందు స్పానర్ తో తట్టండి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా కొట్టి రాల్చెయ్యండి, చూసేదానికి ప్రాణం ఉసూరుమంటాది గానీ ఊగేదాని మీద ఏం పూసినా దాంతోపాటే రాలిపోతాది. కమ్మీని వైర్ బ్రష్ తో తెల్లగా మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టాల. తర్వాత గాయమంతా బాగా తడిపి, పైన నీళ్లు నిలవకుండా చూసుకోని, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు సన్న ఇసుక, జారుడుగా కాకుండా గట్టిగా కలిపి అదిమి పెట్టాల, అంటుకునేదానికి లేటెక్స్ అని డబ్బాల్లో దొరికే పాలలాంటి ద్రవం కూడా కొంచెం పొయ్యండి. విరిగిన కొమ్ముకైతే రెండు పక్కలా డ్రిల్ చేసి మధ్యలో చిన్న కమ్మీ దూర్చకుండా ఊరికే అతికించారంటే అది కపిలతీర్థం వైపు నుంచి వచ్చే మొదటి కోతికి నైవేద్యం.

ఇంతవరకు ఎట్లో చేస్తారు. మన సంస్కృతి దెబ్బతినేది క్యూరింగ్ దగ్గర. సిమెంటు ఆరితే గట్టిపడదు సామీ, నీళ్లతో కలిసి గట్టిపడతాది, మన ఎండకి తడి లాగేస్తే పిండి పిండే. తడిగోనె కప్పి వారమన్నా తడుపుతా ఉండాల. పొద్దున్నే వాకిలికి రెండు బకెట్ల కల్లాపి చల్లే ఇంట్లో జింకకి చెంబుడు నీళ్లు పొయ్యమంటే "ట్యాంకరు రేటు తెలుసా?" అంటారు, పైగా గోనెసంచి కప్పితే వచ్చేపొయ్యే వాళ్లు ఏమనుకుంటారో అని దిగులు.

పెయింటు మాత్రం 28 రోజులు ఆగాల్సిందే. పచ్చి సిమెంటులో క్షారం ఉంటాది, ఆయిల్ పెయింటు కొట్టారంటే సబ్బు మాదిరి అయిపోయి ఊడొస్తాది. ఈలోపల చుట్టాలు ఎవురన్నా కొమ్ములేవి అని అడిగితే ఇది ఆడజింక అనండి, చుక్కల జింకల్లో ఆడవాటికి కొమ్ములుండవు. మగదే అని మీసాల మావయ్య పట్టుబట్టినాడంటే, ఏటా రాల్చుకోని మళ్లీ మొలిపించుకుంటాదని చెప్పండి, అదీ నిజమే.