తెలిసిన ట్యూన్లు వద్దు

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటల్లో ఏ సంగీతం పెట్టాలో చెప్పే ఒక వ్యాసం చదివాను. అలాంటి ఆటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో పోరాటం మొదలవగానే హోరెత్తే సినిమా సంగీతం పెట్టమన్నారు అందులో. నేను ఒప్పుకోను. తెలిసిన ట్యూన్ వినపడితే ఆటగాళ్ల మనసు ఆ సినిమాలోకి వెళ్లిపోతుంది, మన కథలోని గుహలో ఉండదు. పైగా పోరాటం ఒక్కోసారి గంట సాగుతుంది, 3 నిమిషాల ట్రాకే తిరిగి తిరిగి వస్తే విసుగు. టేబుల్‌టాప్ ఆడియో సైట్‌లో 10 నిమిషాల నేపథ్య ధ్వనులు ఉచితంగా దొరుకుతాయి, అవి వాడి చూడండి.

ఇలాంటిదే అయిన భయానక ఆట కాల్ ఆఫ్ కతుల్హు సంగతి వేరు. కథ ఎక్కువగా 1920లలో నడుస్తుంది కాబట్టి గ్రామఫోన్‌లో ఆ కాలపు జాజ్ మోగడం కథలో భాగమే. కథ నడిపించే గేమ్ మాస్టర్ దాన్ని టక్కున ఆపేస్తే ఎంత భయమో! మిగతా చోట్ల గాత్రం ఉన్న పాటలు దయచేసి వద్దు, ఒకరి మాటలు ఒకరికి వినపడక మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది.