బావా, ఇసుక కూడా కొంటారా?

పోయిన సంక్రాంతికి వైజాగ్ నుంచి వచ్చిన మా బావమరిది కారు డిక్కీలోంచి ఒక గోనెసంచి దించాడు. "నీ అక్వేరియం కోసం బీచ్ ఇసుక తెచ్చా బావా. నువ్వు డబ్బులు పెట్టి ఇసుక కొంటున్నావని అక్క చెబితే నవ్వాగలేదు" అన్నాడు.

నవ్వుతాడు మరి. మన దగ్గర ఇసుక అంటే ట్రాక్టర్లు, లారీలు, ఎలక్షన్లు. చేపల కింద పరచడానికి ప్యాకెట్ కొనేవాణ్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు ఒళ్లు మండేది రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం) పెట్టేవాళ్లే "ఇసుకే కదా" అన్నప్పుడు. లైట్ కోసం మూడు నెలలు వీడియోలు చూస్తారు, నీళ్లలో మురికిని నురగగా లాగేసే స్కిమ్మర్ ఏది మంచిదని కొట్లాడుకుంటారు. ఇసుక మాత్రం చివరి రోజు షాపులో ఏది తెల్లగా కనిపిస్తే అది. లైట్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి కొనొచ్చు. ఇసుక మార్చాలంటే ట్యాంక్ మొత్తం పీకాలి.

ముందు ఆ గోనెసంచి సంగతి. మావాడి ముందే ఒక చెంచాడు ఇసుక తీసి వెనిగర్ పోశాను. ఏదో గవ్వ ముక్క దగ్గర రెండు బుడగలు వచ్చాయంతే. పగడాల, గవ్వల పొడి అయితే అది క్యాల్షియం కార్బొనేట్ కాబట్టి సోడాలా పొంగేది. మన తీరంలో ఉన్నది ఎక్కువగా కొండరాళ్లు అరిగి వచ్చిన క్వార్ట్జ్. తర్వాత అద్దాలు తుడిచే అయస్కాంతం దగ్గర పెడితే నల్లటి రేణువులు మీసాల్లా లేచి అతుక్కున్నాయి. విశాఖ, భీమిలి తీరంలో అలలు వెనక్కి వెళ్లాక నల్లగా, ఎర్రగా చారలు కనిపిస్తాయి చూడండి, అవి ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు. ఆ రేణువొకటి క్లీనర్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుందా, అద్దం మీద జీవితాంతం గీత. ఇక ఊరి మురుగు కలిసే చోట తీసిన ఇసుకలో ఇంకేముందో చెప్పనక్కర్లేదు.

అలాగని సిలికా ఇసుక, అంటే ఈ క్వార్ట్జ్, విషమేం కాదు. క్వార్ట్జ్ నీళ్లలో దాదాపు కరగదు. కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో వచ్చే గోధుమరంగు డయాటమ్‌లు (సిలికా వాడుకునే నాచు) ఖరీదైన అరగొనైట్ (క్యాల్షియం కార్బొనేట్ ఇసుక) వేసినా వస్తాయి, వాటంతట అవే పోతాయి. "అరగొనైట్ వేస్తే పీహెచ్ గురించి టెన్షన్ అక్కర్లేదు" అని షాపువాళ్లు చెప్పేది కూడా సగం కథే. పీహెచ్ 8 పైన ఉన్న నీళ్లలో అది కరిగేది అంతంతమాత్రం. ట్యాంకుకి క్యాల్షియం అందించే పరికరం, క్యాల్షియం రియాక్టర్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి 6.5 దగ్గరికి దించితే గానీ సరిగా కరగదు. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే గుణం) టెస్ట్ మానేయడానికి ఇసుకని సాకుగా చెప్పకండి.

నా దృష్టిలో అసలు విషయం రేణువు సైజు. పంచదార కంటే సన్నగా ఉండే ఇసుక ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు) ఆన్ చేశాక దిబ్బలన్నీ ఒక మూలకు చేరతాయి, ఇంకో మూల అద్దం బయటపడుతుంది, మిగతాది మీ జోయాంథిడ్ పగడాల నెత్తిన. పోనీ ముతకది వేద్దామా అంటే, నాలుగైదు మిల్లీమీటర్ల ముక్కల సందుల్లో తిండి, పెంట చేరి కుళ్లుతాయి. 1-2 మిల్లీమీటర్లది వేసుకోండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో మూడు సెంటీమీటర్ల మందానికి దాదాపు 12 కిలోలు పడుతుంది. పొడి ఇసుక అయితే బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడగండి. చివరిసారి ఆర్వో నీళ్లతో.

మందం దగ్గర నేను దెబ్బతిన్నాను. ఇసుక లోతుగా ఉంటే అడుగున ఆక్సిజన్ అందని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ని (చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునేది) నైట్రోజన్ గ్యాస్‌గా మార్చేస్తుంది. మొనాకోలో జోబేర్ అనే శాస్త్రవేత్త 1980లలో ఈ సూత్రం మీదే ఇసుక కింద ఖాళీ గది వదిలే పద్ధతి తెచ్చాడు. అమెరికాలో 10-15 సెంటీమీటర్ల లోతు ఇసుక పరుపులు ఒకప్పుడు పెద్ద ఫ్యాషన్. చదివి మోజుపడి నేనూ 12 సెంటీమీటర్లు పోశాను. మూడేళ్లు హాయిగా నడిచింది, నైట్రేట్ ఎప్పుడూ తక్కువే. పైన పటారం, లోన లొటారం అని నాకేం తెలుసు?

ఇల్లు మారిన రోజు తెలిసింది. పాత ఇసుకలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది కదా అని కడగకుండా బకెట్లలో ఎత్తాను. అడుగు పొర నల్లగా ఉంది, కుళ్లిన గుడ్ల కంపు. అప్పుడైనా బుద్ధి రావాలి. ట్రాఫిక్‌లో బకెట్లు ఆలస్యమయ్యాయి, రాత్రయింది, అలసట. అలాగే ట్యాంకులో పోసేశాను. పొద్దున లేచేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, అమ్మోనియా టెస్ట్ ముదురు ఆకుపచ్చ చూపించింది, అంటే ప్రమాదమే. ఐదేళ్లుగా ఉన్న క్లౌన్ చేపల జంటలో ఒకటి అప్పటికే పోయింది. రెండోది మధ్యాహ్నం. మా పాప స్కూలు నుంచి వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

లోతు పరుపు తప్పని అనను. ఒకసారి పోస్తే దాని జోలికి వెళ్లకూడదు. నాలాంటి అద్దె ఇళ్లవాళ్లకి మాత్రం మూడు సెంటీమీటర్లే మంచిది, వాటర్ చేంజ్‌కి ఒక మూల చొప్పున సైఫన్‌తో లాగొచ్చు. ఇల్లు మారితే పాత ఇసుక పారేయండి, లేదా పూర్తిగా కడగండి. బ్యాక్టీరియా ట్యాంకులోని రాళ్లలో సరిపడా ఉంటుంది.

ఇసుక శుభ్రం చేస్తుందని డైమండ్ గోబీని కొనేవాళ్లకి ఒక్క మాట: అది నోటినిండా తీసుకుని మీ కోరల్స్ మీదే ఊస్తుంది. ఇసుక నక్షత్రచేప అయితే చిన్న ట్యాంకులో ఆకలితో చస్తుంది. నాలుగు నసేరియస్ నత్తలు చాలు.

ఆ గోనెసంచి చాన్నాళ్లు బాల్కనీలోనే ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు నాలుగు గిన్నెల ఇసుక కడిగి ఆరబెట్టి పల్లీలు వేయించింది. సముద్రం ఇసుకేంటమ్మా అంటే, "మంచిదేరా, ఉప్పు వేయక్కర్లేదు" అంది.