తప్పెటగుళ్లకు డైరీ నంబర్

ఢిల్లీ ద్వారకలో ఉన్న కాపీరైట్ ఆఫీసంటే మన విజయనగరం జిల్లాలో ఉండాల్సినంత భయభక్తులు లేవని నా బాధ. 1957 చట్టం పెట్టిన ఆఫీసది, ఆషామాషీ కాదు. పాటకి 500 రూపాయలు కట్టి ఫారం 14 నింపితే దరఖాస్తు చేరిందని డైరీ నంబర్ ఇస్తారు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఎవరూ నోరెత్తకపోతే కాయితాలు చూసి రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. మెంటాడ అవతల గొర్రెలు కాసుకుంటూ, రొమ్ముకి తప్పెట కట్టుకుని ఆడిపాడే తప్పెటగుళ్ల జట్టు గురువుకి, తన పాటకి ఇంకెవరో దరఖాస్తు పెట్టిన సంగతి ఎలా తెలుస్తుందంటారా? నిబంధనల్లో అదీ రాశారు, హక్కుందనేవాళ్లకి దరఖాస్తుదారే నోటీసు పంపాలట. కోడిని పట్టుకెళ్లేవాడే కోడిగలాయనకి కబురు పెడతాడన్నమాట, ఇంతకన్నా పద్ధతైన ఏర్పాటు ఏముంటుంది!

పోనీ గురువే ముందుగా దరఖాస్తు పెట్టొచ్చుగా? ఫారంలో రచయిత పేరు, చిరునామా, జాతీయత అడుగుతారు, చనిపోతే ఏ తేదీనో కూడా చెప్పాలి. ఆయన్ని అడిగితే, "ఎవులు కట్టినారో నాకేటెరిక బాబూ, మా అయ్య పాడీవోడు, నాను పాడతన్నాను" అన్నాడు. ఈ ముక్క రాయడానికి ఫారంలో గడి లేదు.

ఈలోగా టౌన్లో ఒక కుర్రాడు అదే పాటకి ప్యాడ్లు, కీబోర్డు తగిలించి, రచన, సంగీతం రెండూ తనవేనని ఇంటర్నెట్‌లో వేసుకున్నాడు. చట్టప్రకారం అతనికి ఆ రికార్డింగు మీదే హక్కు, పాట మీద కాదు. కానీ జాతరలో గురువుగారి జట్టు పాడిన వీడియో అక్కడ పెడితే, ఇది ఆ కుర్రాడి పాటంటూ కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడింది, పాటలు పోల్చిచూసే మిషన్‌కి అయ్య ఎవరో తెలీదు కదా.

అసలు రిజిస్ట్రేషన్ తప్పనిసరే కాదు, రాసిన క్షణానే హక్కు పుడుతుంది, రిజిస్టర్ కోర్టులో ప్రాథమిక సాక్ష్యం మాత్రమే. అయినా సర్టిఫికెట్ ఫ్రేము కట్టి హాల్లో తగిలించందే మనకి నిద్ర పట్టదు. (పెళ్లి ఊరేగింపులో ఎవరి పాట వేసినా తప్పు కాదని 52వ సెక్షన్ దయతలచింది, డీజే వాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.)

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక కౌంటర్ పెట్టండి. ఆఫీసర్ రచయిత మరణ తేదీ అడుగుతాడు, గురువు "పెద్ద తుఫానొచ్చిన యేడు" అంటాడు, ఏ తుఫానో తేల్చడానికి జట్టంతా వాదులాడుకుంటుంది. అది తేలాక ఫీజు సంగతి. తెల్లవార్లూ పాడే పాటల్లో ఒక్కోదానికీ విడిగా 500 కట్టాలని ఆ ఆఫీసరే వాళ్లకి చెప్పాలి, నేను మాత్రం చెప్పలేను.