బయానా లేని బేరం: ఇంగ్లండ్‌లో ఇల్లు కొనడానికి అన్ని నెలలు ఎందుకు?

మన ఊళ్లలో ఇంటికో ప్లాటుకో బేరం కుదిరిందంటే వెంటనే వచ్చే మాట బయానా. పెద్దమనుషుల ఎదుట కొంత సొమ్ము చేతులు మారుతుంది, అగ్రిమెంటు రాసుకుంటారు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించి గడువులోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు వేసి వస్తారు. ఈ అలవాటుతో పెరిగి, ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో స్థిరపడి, స్లౌలోనో రెడింగ్‌లోనో సొంత ఇల్లు కొనబోయే కుటుంబాన్ని అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టేది అక్కడ బయానా ఘట్టం దాదాపు చివర రావడం. అమ్మేవారు ఆఫర్‌ను ఒప్పుకున్నారని ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేసిన రోజున ఇంట్లో మిఠాయి పంచుకుంటారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ రోజు ఏమీ జరగలేదు.

స్థిరాస్తి అమ్మకపు ఒప్పందం చెల్లాలంటే షరతులన్నీ కాగితం మీద ఉండాలని, ఇరుపక్షాలు సంతకం చేయాలని ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1989 నాటి చట్టం చెబుతోంది. ఆ సంతకాల ప్రతులను ఇరువైపుల సొలిసిటర్లు, అంటే కొనుగోలు కాగితాల పని చూసే వకీళ్లు, మార్చుకునే ‘ఎక్స్చేంజ్’ రోజున సాధారణంగా ధరలో 10 శాతం చెల్లిస్తారు. బయానా అంటే అదే. అప్పటిదాకా అమ్మేవారు మరొకరి దగ్గర ఎక్కువ ధరకు ఒప్పుకోవచ్చు, కొనేవారు మనసు మార్చుకోవచ్చు, ఎవరూ ఎవరికీ పరిహారం ఇవ్వనక్కర్లేదు. ఆలోపు ఇంటి స్థితిని పరిశీలించే సర్వేకు పెట్టిన ఖర్చు, ఇంటి గురించి అధికారిక రికార్డులు వెతికించే ‘సెర్చ్‌ల’ ఖర్చు, సొలిసిటర్ ఫీజులో కొంత భాగం నీళ్లలో పోసినట్టే. ఆలస్యం మీద అక్కడివారికి అంత భయం ఉండటానికి కారణం ఇదే. గడిచే ప్రతి వారమూ బేరం చెడిపోవడానికి తెరిచి ఉన్న తలుపే.

ఈ ఆలస్యానికి కొనేవారు మొదట నిందించేది సొలిసిటర్‌ను. ఆ నింద సగమే న్యాయం. వారాలు ఎక్కడ కరిగిపోతాయో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అమ్మకందారు ఇంటి గురించిన వివరాల ఫారాలు నింపి పంపేదే బేరం కుదిరాక. పొరుగువారితో తగవులు, వరద ముప్పు, చేయించిన మార్పులకు అనుమతులు వంటివన్నీ ఆ ఫారాల్లో ఉంటాయి. ఆ తరువాత స్థానిక కౌన్సిల్ నుంచి రోడ్లు, ప్లానింగ్ అనుమతుల మీద సెర్చ్, నీరు, మురుగునీటి సెర్చ్, పర్యావరణ సెర్చ్, పాత గనుల ప్రాంతమైతే బొగ్గు గనుల సెర్చ్ రావాలి. కొన్ని కౌన్సిళ్లు కొద్ది రోజుల్లో ఇస్తాయి, మరికొన్ని వారాలు తీసుకుంటాయి. 2020 అక్టోబరులో లండన్‌లోని హాక్నీ కౌన్సిల్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అక్కడి సెర్చ్‌లు నెలల తరబడి స్తంభించిపోయాయి. ఆ కాలంలో హాక్నీలో ఇల్లు కొనబోయినవారికి ఎంత చురుకైన సొలిసిటర్ దొరికినా చేయగలిగింది కొంచెమే.

ఫ్లాటైతే కథ ఇంకా పొడవు. ఇంగ్లండ్‌లో ఫ్లాట్లు చాలావరకు లీజ్‌హోల్డ్, అంటే నేల మరొకరిది, ఫ్లాటు మీకు నిర్ణీత ఏళ్ల లీజుకు వస్తుంది. సర్వీసు చార్జీ, భవనపు బీమా, బాకీలు, రాబోయే మరమ్మతుల వివరాల కట్టను నిర్వహణ సంస్థ ఇవ్వాలి. దానికి అమ్మేవారు డబ్బు కట్టాలి, ఆ సంస్థకేమో ఈ అమ్మకం తొందరగా జరగాలన్న ఆతృత ఏమీ ఉండదు. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక బయటి గోడలకు తొడిగే పలకల (క్లాడింగ్) గురించి రుణదాతలు అడిగే ప్రశ్నలు పెరిగాయి, 2022 నాటి భవన భద్రతా చట్టంతో మరికొన్ని పత్రాలు తోడయ్యాయి. ఇది అనవసరపు జాప్యమని అనలేం. అందుకే ఫ్లాటు కొనేవారు ఆఫర్ పెట్టేటప్పుడే, నిర్వహణ సంస్థ కట్టకు ఆర్డరు వెళ్లిందా అని ఏజెంట్‌ను అడగడం మేలు.

ఇక నిందలో న్యాయమైన రెండో సగం. ఇళ్ల కొనుగోలు పనికి ఫీజు చాలాచోట్ల ముందే ఖరారు చేసిన మొత్తం. కాబట్టి తక్కువ ధర చెప్పే సంస్థ లాభం చూడాలంటే ఒక్కొక్కరి చేతికి ఎక్కువ ఫైళ్లు ఇవ్వాల్సి వస్తుంది. ఎస్టేట్ ఏజెంట్ సిఫారసు చేసే సంస్థ నుంచి ఏజెంట్‌కు కమీషన్ ముడుతూ ఉండవచ్చు. అది తప్పు కాదు, కానీ ఆ సంగతి కొనేవారికి చెప్పి తీరాలి. ధర అడిగే ముందు, నా ఫైలు చూసేది ఎవరు, ఆయన చేతిలో ఇప్పుడు ఎన్ని ఫైళ్లున్నాయి, సెలవుపై వెళితే ఎవరు చూస్తారు అని అడగండి. జవాబులో తడబాటు ఉంటే వంద పౌండ్ల తేడా చూసుకోకుండా మరొకరి దగ్గరికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఆ సంస్థ మీకు ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకు ఆమోదించిన జాబితాలో ఉందో లేదో కూడా మొదటే తేల్చుకోవాలి.

పని మొదలయ్యాక చాలామంది చేసేది రోజు విడిచి రోజు ‘ఏమైనా తెలిసిందా’ అని మెయిల్ పెట్టడం. దానికి వచ్చే జవాబు ‘ఎదురుచూస్తున్నాం’. దానికన్నా వారానికొకసారి, ఒకే మెయిల్‌లో, ఏయే ప్రశ్నలకు జవాబు రావాలి, ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఆగి ఉన్నాయని అడిగితే ఫైలు తెరవక తప్పదు. ఆగింది అవతలి సొలిసిటర్ దగ్గరని తేలితే ఏజెంట్‌కు చెప్పవచ్చు. అమ్మకం పూర్తయితే గాని ఏజెంట్‌కు కమీషన్ రాదు కనుక అమ్మేవారిని కదిలించడంలో అతనికి స్వార్థం ఉంది. సెర్చ్‌లకు డబ్బు మొదటి వారంలోనే కట్టేయడం కూడా వారాలను ఆదా చేస్తుంది. బేరం చెడితే ఆ కొన్ని వందల పౌండ్లు పోతాయి, ఆ నష్టానికి సిద్ధపడాలి.

మనవాళ్ల ఫైళ్లలో ఆలస్యానికి మరో కారణం ఉంది, అది సొలిసిటర్‌ది కాదు. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం కొనేవారి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటర్ రుజువులతో చూడాలి. జీతంలో పొదుపైతే బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిపోతుంది. నాన్నగారు గుంటూరులో స్థలం అమ్మి పంపిన డబ్బైతే సేల్ డీడ్, ఆయన ఖాతాలో ఆ సొమ్ము పడిన ఆధారం, అది బహుమతే గాని అప్పు కాదని, ఇంటిలో వాటా అడగనని ఆయన రాసిచ్చే లేఖ, ఆయన గుర్తింపు పత్రం, తెలుగులో ఉన్న పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. భారత్‌లో నివసించేవారు సరళీకృత రెమిటెన్స్ పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకానే పంపగలరు. ఎన్ఆర్ఐ సొంత ఎన్ఆర్ఓ ఖాతా (భారత్‌లోని ఆదాయం జమయ్యే ఖాతా) నుంచి తెచ్చుకునే సొమ్ముకు ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రమూ అడుగుతారు. తెలిసినవారి నలుగురి ఖాతాల నుంచి కొంచెం కొంచెంగా తెప్పించుకుంటే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఆ నలుగురి సొమ్ముకూ విడివిడిగా ఇదే విచారణ మొదలవుతుంది. ఇల్లు వెతకడం మొదలుపెట్టిన వారంలోనే ఈ కాగితాల కట్ట సిద్ధం చేసుకోవడం ఉత్తమం.

హైదరాబాద్‌లో ఫ్లాటు ఉందన్న సంగతి కూడా మొదటి రోజే చెప్పాలి. స్టాంప్ డ్యూటీలో తొలిసారి కొనేవారికిచ్చే రాయితీ ప్రపంచంలో ఎక్కడా, ఎన్నడూ సొంత ఇల్లు లేనివారికే. అంతేకాక 40,000 పౌండ్లు, ఆపైన విలువైన ఇల్లు విదేశంలో ఉన్నా, అది భార్య లేదా భర్త పేరున ఉన్నా, కొత్త ఇంటి మీద అదనపు పన్ను పడే అవకాశం ఎక్కువ. 2024 అక్టోబరు 31 నుంచి ఆ అదనం 5 శాతం. నాలుగు లక్షల పౌండ్ల ఇంటికి అది ఇరవై వేలు. ఈ లెక్క ఎక్స్చేంజ్ ముందు వారంలో బయటపడితే జరిగే ఆలస్యానికి ఎవరినీ తప్పుపట్టలేం.

సొలిసిటర్ నిజంగానే పట్టించుకోకపోతే, ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో పరిష్కారం రాకపోతే వకీళ్ల సేవలపై ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. అయితే అది జరిగిన నష్టానికి ఊరటే గాని ఈ ఇంటిని నిలబెట్టే మార్గం కాదు. మధ్యలో సొలిసిటర్‌ను మార్చడం చివరి అస్త్రం. కొత్తవారు మొదటి పేజీ నుంచి చదవాలి, ఈలోగా బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు ఆఫర్ (మార్ట్‌గేజ్ ఆఫర్) గడువు కరిగిపోతుంది.

అసలు మందు సమాచారాన్ని బేరానికి ముందుకు తేవడమే. స్కాట్లండ్‌లో 2008 డిసెంబరు నుంచి ఇంటిని అమ్మకానికి పెట్టేటప్పుడే సర్వేతో కూడిన హోమ్ రిపోర్ట్ ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2007లో ఇలాంటి సమాచార కట్టను తప్పనిసరి చేసి, 2010 మేలో ప్రభుత్వం మారగానే పక్కన పెట్టేశారు. 2025 అక్టోబరులో మళ్లీ అదే ఆలోచనను, ముందుగానే కట్టుబడే ఒప్పందాల ప్రతిపాదనతో కలిపి ప్రజాభిప్రాయానికి పెట్టారు. దాదాపు నాలుగు వారాలు తగ్గవచ్చని ప్రభుత్వ అంచనా. పదిహేనేళ్ల కింద పారేసిన దాన్నే మళ్లీ ఏరుకోవడం చూస్తే నవ్వొస్తుంది కానీ, ఈసారైనా నిలబెడితే మంచిదే.

ఇన్ని నెలల తొందర తరువాత, ఒక్కచోట మాత్రం ఆగాలి. డిపాజిట్ పంపే రోజున, మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి అంటూ సొలిసిటర్ పేరుతో మెయిల్ వస్తే అది మోసగాళ్ల పని కావచ్చు. ఆ మెయిల్‌లోని నంబరుకు కాక, మొదటి రోజు వచ్చిన ఉత్తరంపై ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఖాతా అంకెలు వారి నోట విన్నాకే డబ్బు పంపండి.