విక్టర్ వూటెన్ ఒంటరిగా వాయిస్తేనే బాస్ అంటే ఏమిటో తెలుస్తుంది

అమెరికన్ బాంజో వాద్యకారుడు బేలా ఫ్లెక్ బృందం ఫ్లెక్‌టోన్స్‌లో విక్టర్ వూటెన్ స్థాయి ఏమిటో బాస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) వినేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఆయన అసలు పని 1996 నాటి సోలో ఆల్బమ్ ‘ఎ షో ఆఫ్ హ్యాండ్స్’లోనే ఉంది. నాలుగు తీగల బాస్ ఒక్కటే. దాని మీద మరో బాస్ ట్రాక్ పేర్చలేదు.

తాళం ఎవరు వేస్తున్నట్టు మరి? ఆయన బొటనవేలే. డ్రమ్మర్ లేని లోటు పూడ్చడానికి అమెరికన్ బాస్ వాద్యకారుడు ల్యారీ గ్రాహమ్ బొటనవేలితో తీగను కొట్టి కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) దెబ్బనీ, మరో వేలితో లాగి వదిలి స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బనీ తెచ్చాడు. ఆయన పద్ధతిలో వేలు తీగను తాకి పైకి ఎగురుతుంది. అన్న రెజీ దగ్గర నేర్చిన వూటెన్ పద్ధతిలో ఎగరదు. తీగను దాటి కింది తీగ మీద ఆగుతుంది, తిరిగి పైకి వస్తూ మళ్లీ మీటుతుంది. ఒక్క కదలికకు రెండు స్వరాలు. ఖాళీ తీగ కొట్టి, ఎడమ చేతి వేలితో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద తట్టి, కుడి చూపుడువేలితో లాగితే తిశ్రం, అంటే మూడు స్వరాల గుంపు, పలుకుతుంది.

నేర్చుకునేవాళ్లు తడబడేది పైకి వచ్చే దెబ్బలో. వేలు లోతుగా దిగితే ఇరుక్కుని కాలం జారుతుంది. తీగలు ఫ్రెట్లకు మరీ ఎత్తులో ఉన్నా అంతే. లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, దెబ్బకు నాలుగు స్వరాలు సమానంగా పలికాకే వేగం పెంచాలి. వాయించని తీగలు మోగకుండా ఎడమ చేతి వేళ్లు ఆనించాలి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర జుట్టుకు కట్టుకునే రబ్బరు బ్యాండు చుట్టినా పనవుతుంది.

ఇదంతా వేళ్ల గారడీ, పాటకు అక్కరలేదని కొందరంటారు. వేగమే చూస్తే అలాగే ఉంటుంది. కానీ ఆ ఆల్బమ్‌లోని ‘యు కాంట్ హోల్డ్ నో గ్రూవ్’లో ఎంత దూరం వెళ్లినా తాళం ఆవర్తం మొదటి దెబ్బకు ఆయన సరిగ్గా దిగుతాడు. మంచి మృదంగ విద్వాంసుడు ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో వినిపించే నిబద్ధత ఇదే.

మృదంగానికి కచేరీలో తని ఉంది, విద్వాంసుడి పేరూ ముందే చెబుతారు. సినిమా పాటలో బాస్‌కు రెండూ లేవు. ఇళయరాజా పాటల్లో గాత్రం పక్కన రెండో రాగంలా నడిచే బాస్‌ను హమ్ చేస్తాం, వాయించిన శశిధరన్ పేరు ఎందరికి తెలుసు? రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్‌దీ అదే పరిస్థితి. గాయకుడు, గీత రచయిత, స్వరకర్త పేర్ల కింద బాస్ వాయించినవారికి ఒక్క వరుస కేటాయించడానికి ఆడియో కంపెనీలకు అయ్యే ఖర్చేమీ లేదు. పాత పాటలు వాయించినవాళ్లు గుర్తుండగానే ఆ పని మొదలుపెట్టాలి.