చొక్కా జేబులోంచి కోటు జేబులోకి: చిన్న బైనాక్యులర్ల కొత్త లెక్క

జేబులో పట్టే మంచి బైనాక్యులర్ అంటే చాలాకాలం 8×20 అనే అర్థం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్స్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, బరువు పావుకిలోకు అటూఇటూ. జైస్, లైకా, స్వరోవ్‌స్కీ కంపెనీలు మూడూ ఈ కొలతలోనే తమ పనితనం చూపించాయి. మధ్యలో రెండు కీళ్లు ఉండేవి కాబట్టి మడిస్తే చొక్కా జేబులో దూరిపోయేది. తర్వాత గాలి 8×25 వైపు మళ్లింది. స్వరోవ్‌స్కీ సీఎల్ పాకెట్, 2017లో వచ్చిన జైస్ విక్టరీ పాకెట్ రెండూ ఆ కొలతలోనే ఉన్నాయి. జైస్‌ది సుమారు 290 గ్రాములు, స్వరోవ్‌స్కీది 350 దరిదాపులు. ఇవీ జేబులో పట్టేవే, కాకపోతే జేబు కాస్త పెద్దదై ఉండాలి.

ఈ అయిదు మిల్లీమీటర్ల వల్ల ఏం ఒరిగింది? దుకాణంలో చెప్పే జవాబు ఒకటే: వెలుతురు ఎక్కువ. కాగితం మీద అది నిజమే. 20తో పోలిస్తే 25 మిల్లీమీటర్ల లెన్స్ వైశాల్యం 56 శాతం ఎక్కువ. కానీ ఆ వెలుతురంతా కంట్లోకి వెళ్తేనే కదా లాభం! లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే బైనాక్యులర్‌లోంచి బయటికొచ్చే కాంతి పుంజం వెడల్పు తెలుస్తుంది. 8×20లో అది 2.5 మిల్లీమీటర్లు, 8×25లో 3.1. పులికాట్ ఒడ్డున మిట్టమధ్యాహ్నం నిలబడి రాజహంసలను చూసేవాళ్ల కంటిపాప ఎండకు ముడుచుకుని రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు వచ్చేస్తుంది. అదనంగా వచ్చిన కాంతి కంటిపాప అంచుల దగ్గరే ఆగిపోతుంది. నేలపట్టులో తెల్లవారుజామున గూడబాతులను చూడాలంటే మాత్రం తేడా తెలుస్తుంది. అలా అని అదేమంత పెద్ద తేడా కాదు. మసక వెలుతురులో చూడటమే ముఖ్యమైతే 5 మిల్లీమీటర్లకు పైగా పుంజం ఇచ్చే 8×42 ఉండగా ఈ రెండింటితో కుస్తీ దేనికి?

నా లెక్కలో అసలు లాభం వేరే ఉంది. 2.5 మిల్లీమీటర్ల పుంజానికి కన్ను సరిగ్గా ఎదురుగా ఉండాలి. కొంచెం పక్కకు జరిగితే బొమ్మ సగం నల్లబడుతుంది. పాత 8×20 కొని "బాగాలేదు" అని బీరువాలో పడేసినవాళ్లలో చాలామంది ఇబ్బంది గాజు నాణ్యతతో కాదు, ఈ నీడతోనే. అందులోనూ రెండు కీళ్లవాటిని తీసిన ప్రతిసారీ రెండువైపులా సర్దుకోవాలి, ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది. పుంజం అరమిల్లీమీటరు పెరిగినా కంటికి తిరిగే చోటు దొరుకుతుంది. విక్టరీ పాకెట్‌లో జైస్ ఒకే కీలును మధ్యలో కాకుండా ఓ పక్కకు పెట్టింది. చూడటానికి వంకరగా అనిపించినా మడిస్తే చిన్నదవుతుంది, తెరిస్తే వెంటనే కుదురుతుంది. కిలోమీటరు దూరంలో 130 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. పాత 8×20లలో సాధారణంగా 110, 115 మీటర్లే.

ఇక కంటికి కనిపించని మార్పు కోటింగ్‌లది, అంటే గాజు మీది సన్నటి పూతలది. కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కోటి నాలుగు శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అలాంటి ఉపరితలాలు పది దాటేసరికి మూడో వంతు పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించే పూతను జైస్‌లో పనిచేసిన స్మకులా 1935లోనే కనిపెట్టాడు. సన్నగా, నిటారుగా ఉండే రూఫ్ ప్రిజం బైనాక్యులర్లకు మరో జబ్బు ఉంది. వాటి ప్రిజంలో, అంటే తలకిందులైన బొమ్మను సరిచేసే గాజు దిమ్మెలో, కాంతి రెండుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు తరంగాల లయ తప్పి, బొమ్మలో పదును తగ్గుతుంది. దానికి విరుగుడు ఫేజ్ కోటింగ్. జైస్ దాన్ని 1988లో తెచ్చింది. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో పాత రూఫ్ ప్రిజం కొనేవాళ్లు బ్రాండ్ పేరు కన్నా ముందు తయారైన సంవత్సరం అడగాలి. 1980ల నాటిదైతే ఎంత పెద్ద పేరున్నా నేను కొనను.

ధర తగ్గేకొద్దీ కథ తిరగబడుతుంది. లెన్సులు దగ్గరగా, కంటి గొట్టాలు ఎడంగా ఉండే పొట్టి పోరో ప్రిజం బైనాక్యులర్లు పాతకాలపువే. ఆ ప్రిజంకు ఫేజ్ కోటింగ్ అక్కర్లేదు, లోపల అద్దం పూత కూడా అక్కర్లేదు. ఈ రెండింటి ఖర్చూ తప్పుతుంది కాబట్టి తక్కువ ధరలో కొత్త రూఫ్ ప్రిజం కన్నా ఈ పాత ఆకారమే తేటగా చూపిస్తుంది. స్టైల్‌గా ఉండదు, నిజమే. పర్యాటక స్థలాల దగ్గరా ఆన్‌లైన్‌లోనూ అమ్మే 30×60 అచ్చేసిన బుల్లి బైనాక్యులర్ల సంగతి ఒక్క స్కేలుతో తేల్చేయొచ్చు. ముందు లెన్స్ కొలిచి చూస్తే 60 మిల్లీమీటర్లలో సగం కూడా ఉండదు. లెన్స్ మీది ఎర్రటి మెరుపు పూత ఎరుపు రంగును వెనక్కి కొట్టేసి, చూసేదాన్నంతా ఆకుపచ్చగా మారుస్తుంది.

కోస్తాలో ఉండేవాళ్లకు వీటన్నిటికన్నా పెద్ద సమస్య తేమ. పాత 8×20లలో చాలావాటికి నైట్రోజన్ నింపి మూసిన ఒళ్లు లేదు. రెండు మూడు వర్షాకాలాలు డబ్బాలో వదిలేస్తే లెన్స్ లోపల బూజు తీగలు పాకుతాయి. బాగుచేయించే ఖర్చు కొన్నిసార్లు బైనాక్యులర్ ధరనే దాటుతుంది. కొత్త వాటిలో మంచివి నీళ్లలో పడినా తట్టుకుంటాయి. నన్నడిగితే, పాతదాన్ని వదిలి కొత్తది కొనడానికి మన వాతావరణంలో అన్నిటికన్నా గట్టి కారణం ఇదే.

మరి చొక్కా జేబు మాటేంటి? స్వరోవ్‌స్కీ 2021లో సీఎల్ క్యూరియో 7×21 తెచ్చింది. బరువు మళ్లీ పావుకిలోకు దిగింది, రెండు కీళ్లూ ఉన్నాయి. 21ని ఏడుతో భాగిస్తే మూడు మిల్లీమీటర్ల పుంజం, అంటే దాదాపు 8×25కు సమానం. లెన్స్‌ను పెంచకుండా రెట్లు ఒకటి తగ్గించి అదే సుఖం సాధించారు. పది రెట్లు, పన్నెండు రెట్లు అని పెద్ద అంకె కోసం వెతికే మన కొనుగోలుదారులకు ఏడు అంటే చప్పగా అనిపించొచ్చు. కానీ నడుస్తూ నడుస్తూ ఆగి, ఒంటిచేత్తో కళ్లకు ఆనించి చూసేవాళ్లకు ఏడే సరిపోతుంది, చేతి వణుకూ తక్కువ తెలుస్తుంది. ధర మాత్రం జేబుకు తగ్గట్టు చిన్నదేమీ కాదు.